లాక్‌ల దగ్గర ఆగిపోయే ఫైళ్లు: అనుభవ పాఠాలు

రెండు ప్రాసెసర్ల సర్వరు అపురూపంగా కనిపించే రోజుల్లో నేను ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు వంద దాటిన కోర్లున్న యంత్రం ఏ డేటా సెంటర్‌లోనైనా మామూలే. ఆ మధ్య కాలమంతా నా దగ్గరికి ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: "కోర్లు పెంచాం, పని మాత్రం పెరగలేదు." డేటాబేసు కావచ్చు, మెయిల్ సర్వరు కావచ్చు, తవ్వుకుంటూ వెళితే కారణం చాలాసార్లు ఒకే చోట దొరికేది. ఫైలు తెరిచే, చదివే, రాసే దారిలో కెర్నల్ లోపల ఏదో ఒక లాక్ దగ్గర థ్రెడ్లన్నీ బారులు తీరి ఉండేవి.

ఒక డేటాను ఒకసారికి ఒక్క థ్రెడ్డే మార్చేలా కాపలా కాసే ఏర్పాటే లాక్. అది లేకపోతే ఫైలు సైజు ఒకటి చెబుతుంది, లోపల ఉన్నది ఇంకొకటవుతుంది. అందుకే లాక్‌ను శత్రువుగా చూడకూడదు. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న ఇంజనీర్ల కోసం నేను నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ లైనక్స్ నుంచే తీసుకున్నాను. దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, నాకు బాగా తెలిసింది కూడా అదే.

1. ముందు డిస్కును నిందించకండి.

ఫైలు పని నెమ్మదించగానే అందరి వేలూ డిస్కు వైపే చూపిస్తుంది. కొత్త ఎస్ఎస్‌డీ కొంటారు, అయినా తేడా రాదు. కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. అదే పనిని 1 థ్రెడ్‌తో, తర్వాత 2, 4, 8, 16, 32 థ్రెడ్లతో నడిపి, సెకనుకు ఎంత పని జరిగిందో రాసుకోండి. డిస్కే అడ్డమైతే గీత ఒక ఎత్తుకు చేరి అక్కడే నిలబడుతుంది, డిస్కు కూడా తీరిక లేకుండా కనబడుతుంది. డిస్కు ఖాళీగా ఉండి కూడా గీత పైకి లేవలేదంటే, లేదా కోర్లు పెరిగేకొద్దీ కిందికి దిగుతోందంటే, లాక్‌ను అనుమానించాలి.

ఆ లాక్ ఏ రకమో కూడా కొంతవరకు పోల్చుకోవచ్చు. స్పిన్‌లాక్ అయితే వేచి ఉన్న కోర్లు అక్కడే తిరుగుతూ ఉంటాయి కాబట్టి సీపీయూ వాడకం నూటికి నూరు, అదీ కెర్నల్ ఖాతాలో కనబడుతుంది. మ్యూటెక్స్ అయితే థ్రెడ్లు నిద్రపోతాయి. సీపీయూ ఖాళీ, డిస్కూ ఖాళీ, పని మాత్రం జరగదు. ఈ రెండో రకం మనుషుల్ని ఎక్కువ తికమక పెడుతుంది. లైనక్స్ మ్యూటెక్స్ నిద్రకు ముందు కాసేపు తిరుగుతుంది కూడా. కాబట్టి కంటితో చూసి తేల్చేయకుండా పర్ఫ్ పనిముట్టుతో ఏ ఫంక్షన్‌లో ఎంత కాలం పోతోందో చూడండి. ఏ లాక్ కోసం ఎవరు ఎంతసేపు ఆగారో పర్ఫ్ లాక్ చెబుతుంది. లాక్ పేరు తెలియకుండా మొదలుపెట్టిన మరమ్మతు దేన్ని బాగుచేసిందో చివరికి కూడా తెలియదు.

2. లాక్ దేనికి కాపలా కాస్తోందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

ఈ జాబితాలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒక ఉదాహరణ చెబుతాను.

పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఒక టేబుల్ ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఎల్‌సీక్ అనే సిస్టమ్ కాల్‌తో ఫైలు చివరికి వెళ్లి ఆ అంకె తెచ్చుకుంటుంది. క్వెరీ ప్లాన్ వేసే ప్రతిసారీ ఆ అంకె కావాలి. 2012కు ముందటి లైనక్స్‌లో ఆ ఎల్‌సీక్ ఫైలు ఐనోడ్‌కు చెందిన మ్యూటెక్స్‌ను పట్టుకునేది. ఒకే టేబుల్ మీద పదుల కోర్లు క్వెరీలు వేస్తే, డేటా అంతా మెమరీలోనే ఉన్నా సరే, అన్నీ ఆ ఒక్క మ్యూటెక్స్ దగ్గర ఆగిపోయేవి. 2010లో ఎంఐటీ పరిశోధకులు 48 కోర్ల యంత్రం మీద ఏడు అప్లికేషన్లను పరీక్షించి, ఎక్కడెక్కడ కెర్నల్ అడ్డుపడుతోందో ఒక పత్రంలో వివరంగా రాశారు. అందులో ఈ ఎల్‌సీక్ సంగతి కూడా ఉంది.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న: ఆ మ్యూటెక్స్ దేన్ని కాపాడుతోంది? ఫైలు సైజును. సైజు అడిగేవాడు దేన్నైనా మారుస్తున్నాడా? లేదు. 64 బిట్ యంత్రం మీద ఆ అంకెను ఒక్క విడతలో చదివేయవచ్చు, సగం పాతది సగం కొత్తది వచ్చే ప్రమాదమే లేదు. 32 బిట్ యంత్రాల కోసం కెర్నల్‌లో సీక్వెన్స్ కౌంటర్ పద్ధతి ముందునుంచే ఉంది: చదవడానికి ముందూ తర్వాతా ఒక సంఖ్యను చూసి, అది మారి ఉంటే మళ్లీ చదవడం. కాబట్టి ఆ మ్యూటెక్స్ అవసరమే లేదు. 2012 జనవరిలో వచ్చిన లైనక్స్ 3.2 నుంచి ఎల్‌సీక్ దాన్ని పట్టుకోవడం మానేసింది.

ఆ లాక్‌ను వేగవంతం చేసే తెలివితేటలేవీ ఇక్కడ అక్కర్లేకపోయాయి. ఏళ్ల తరబడి ఎవరూ అడగని ప్రశ్నను ఎవరో అడిగారు, అంతే. ఎంఐటీ వాళ్లు ఆ ఏడు అప్లికేషన్ల కోసం చేసిన మార్పులన్నీ కలిపినా సుమారు 3 వేల లైన్ల కోడే. కెర్నల్‌ను కొత్తగా రాసుకోవలసిన పని లేదని వాళ్లు తేల్చారు.

3. పాత లాక్ వెనుక రాసిపెట్టని మాటలు ఉంటాయి.

1996లో లైనక్స్ 2.0 ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్ల మీద నడవడం మొదలుపెట్టినప్పుడు కెర్నల్ మొత్తానికి ఒకటే పెద్ద లాక్ ఉండేది. ఆ రోజుకు అది సరైన నిర్ణయమే. తర్వాత ముక్క ముక్కగా దాని కింద నుంచి ఒక్కొక్క భాగాన్నీ బయటికి తీస్తూ వచ్చారు. చివరి ఆనవాళ్లను ఆర్న్డ్ బెర్గ్‌మాన్ తొలగించింది 2011లో, 2.6.39లో. అంటే 15 ఏళ్లు.

ఎందుకంత కాలం? ఆ లాక్‌కు విచిత్రమైన గుణాలు ఉండేవి. పట్టుకున్నవాడు నిద్రపోతే అది తనంతట తానే వదిలేది, లేచాక మళ్లీ పట్టుకునేది. పట్టుకున్నవాడే మళ్లీ పట్టుకోవచ్చు. ఎక్కడో ఒక ఫైల్‌సిస్టమ్‌లోనో, డ్రైవర్‌లోనో కోడ్ ఈ గుణాల మీద ఆధారపడి ఉండేది, కానీ ఆ సంగతి ఎక్కడా రాసి ఉండేది కాదు. మీ సొంత కోడ్‌లో పాత లాక్ ఒకటి తీసేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అది పనిలో పనిగా కాపాడుతున్నవన్నీ ఏమిటో చూసుకుని, ముక్క తర్వాత ముక్కగా తీయండి. ఒక్క రాత్రిలో పీకేస్తే మిగిలేది అప్పుడప్పుడు మాత్రమే కనబడే బగ్.

4. నిన్న సరిపోయిన లాక్ ఇవాళ సరిపోకపోవచ్చు.

తిరిగే డిస్కు సెకనుకు కొన్ని వందల పనులు చేసేది. ఆ వేగానికి ఒక డిస్కుకు ఒక రిక్వెస్ట్ క్యూ, దానికొక లాక్ ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. తల కదలడానికే మిల్లీసెకన్లు పట్టేచోట లాక్ కోసం పోయే మైక్రోసెకన్లు లెక్కలోకి రావు. తర్వాత ఫ్లాష్ వచ్చింది, సెకనుకు లక్షల పనులు. అప్పుడు ఆ ఒక్క లాకే గొంతు పట్టుకుంది. 2013లో మతియాస్ బ్యోర్లింగ్, జెన్స్ ఆక్స్‌బో మరో ఇద్దరితో కలిసి దీని మీద ఒక పత్రం రాశారు: ప్రతి కోర్‌కు తన సొంత క్యూ, అక్కడి నుంచి పరికరంలో ఉన్నన్ని క్యూలకు పంపకం. 2014 జనవరిలో లైనక్స్ 3.13తో అది కెర్నల్‌లోకి వచ్చింది. పాత ఒంటి క్యూ దారిని 2019లో 5.0 పూర్తిగా తీసేసింది. ఎన్‌వీఎంఈ ప్రమాణం 65,535 వరకు క్యూలను అనుమతిస్తుంది. సాటా డిస్కుల ఏహెచ్‌సీఐలో 32 పనులు పట్టే ఒక్క క్యూ ఉండేది.

హార్డ్‌వేర్ మారినప్పుడల్లా పాత లాక్‌లను మళ్లీ చూడండి. రాసినవాళ్లను తప్పుపట్టనక్కర్లేదు, వాళ్ల డిస్కు వేరు.

5. చదివేవాళ్లు కూడా అడ్డుపడతారు.

"చదవడానికే కదా, రీడర్-రైటర్ లాక్ పెడితే ఎంతమందైనా ఒకేసారి చదువుకోవచ్చు" అనే మాట ఎన్నోసార్లు విన్నాను. కాగితం మీద నిజమే. కానీ గ్రంథాలయం హాల్లో నూరుమందికి చోటున్నా, గుమ్మం దగ్గర ఒకే రిజిస్టర్‌లో సంతకం పెట్టి లోపలికి పోవాలంటే బారు ఆ రిజిస్టర్ దగ్గరే తయారవుతుంది. లాక్‌లో "ఇప్పుడు ఎంతమంది చదువుతున్నారు" అన్న లెక్కే ఆ రిజిస్టర్. ప్రతి కోరూ ఆ లెక్కను మార్చాలి. మార్చాలంటే ఆ 64 బైట్ల కాష్ లైన్‌ను ఇంకో కోర్ నుంచి లాక్కోవాలి. చదివే పని చిన్నదైనప్పుడు ఈ లాగులాటకే ఎక్కువ కాలం పోతుంది.

ఫైలు పేరు వెతకడంలో ఇది బాగా తెలుస్తుంది. ఏ ఫైలు తెరిచినా దారి రూట్ డైరెక్టరీ నుంచో, అందరూ వాడే ఏ పై డైరెక్టరీ నుంచో మొదలవుతుంది. ఒక్కో మెట్టు దగ్గర రిఫరెన్స్ లెక్క పెంచి, తగ్గించి పోతుంటే, వేర్వేరు ఫైళ్లు తెరుస్తున్న కోర్లు కూడా ఆ పై మెట్ల దగ్గర గుద్దుకుంటాయి. దీనికి మందు ఆర్‌సీయూ. చదివేవాడు ఏ లెక్కా రాయడు. మార్చేవాడు కొత్త ప్రతి తయారుచేసి పెట్టి, పాతదాన్ని చూస్తున్నవాళ్లంతా వెళ్లిపోయాకే దాన్ని పారేస్తాడు. లైనక్స్‌లోకి ఇది 2002లో వచ్చింది. పాల్ మెక్‌కెన్నీతో పాటు ఐబీఎం బెంగళూరు నుంచి దీపంకర్ శర్మ, మనీష్ సోనీ దీని మీద పనిచేశారు. ఫైలు పేర్ల కాష్‌కు దాన్ని మొదట అన్వయించిన పనిలో వాళ్ల చేయి ఉంది. మన దేశంలో కూర్చుని కెర్నల్ నడిబొడ్డున ఇంత పని చేసినవాళ్లున్నారని మన కాలేజీల్లో చెప్పాలని నా కోరిక. తర్వాత నిక్ పిగిన్ దారి మొత్తాన్ని ఏ లాకూ, ఏ లెక్కా ముట్టకుండా నడిచేలా మార్చాడు. అది 2011లో, 2.6.38తో వచ్చింది.

మీ ప్రోగ్రాములో చేయగలిగింది కూడా ఉంది. అదే ఫైలును క్షణానికోసారి తెరిచి మూయకండి. తెరిచి ఉంచుకోండి.

6. చదివే చోటును పంచుకోకండి.

ఒకే తెరిచిన ఫైలును రెండు థ్రెడ్లు పంచుకుంటే వాటి "ఇక్కడిదాకా చదివాం" అన్న స్థానం కూడా ఒకటే. ఆ స్థానం చెడకుండా ఉండాలని 2014లో 3.14 నుంచి లైనక్స్ దానికీ ఒక లాక్ పెట్టింది. ఎల్‌సీక్ చేసి రీడ్ చేసే పాత అలవాటు ఆ లాక్ మీద పడుతుంది. అంతకంటే ముందు, ఆ రెండు కాల్స్ మధ్యలో ఇంకో థ్రెడ్ దూరితే తప్పు డేటా వస్తుంది. పీరీడ్, పీరైట్ వాడితే స్థానాన్ని మీరే చెబుతారు కాబట్టి ఆ లాక్ ఊసే ఉండదు. ఒక సిస్టమ్ కాల్ కూడా తగ్గుతుంది. పోస్ట్‌గ్రెస్ 2019లో వచ్చిన 12వ వెర్షన్‌లో ఇలాగే మారింది. మీ కోడ్‌లో దీన్ని ఇవాళే మార్చుకోవచ్చు.

7. ఒకే డైరెక్టరీలో అన్నీ పోయకండి.

డైరెక్టరీలో కొత్త ఫైలు పెట్టాలన్నా, తీసేయాలన్నా ఆ డైరెక్టరీ లాక్‌ను ఒక్కరే పట్టుకోవాలి. 2016లో 4.7తో అల్ వైరో చేసిన మార్పు వల్ల వెతకడం మాత్రం సమాంతరంగా సాగుతుంది, సృష్టించడం ఇంకా వరుసలోనే. కాబట్టి వందల థ్రెడ్లు ఒకే డైరెక్టరీలో తాత్కాలిక ఫైళ్లు పుట్టిస్తుంటే అవి ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. మెయిల్ సర్వర్లు దీన్ని ఎప్పుడో గ్రహించాయి. ఎగ్జిమ్‌లో స్పూల్‌ను 62 ఉప డైరెక్టరీలుగా విడదీసే సెట్టింగ్ ఉంది.

విడదీయడంలో మరో లాభం కూడా ఉంది. ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ డిస్కును అలొకేషన్ గ్రూపులుగా పంచుకుంటుంది. ఒక్కో గ్రూపుకు సొంత ఖాళీ స్థలం జాబితా, సొంత లాక్. అది కొత్త డైరెక్టరీలను వేర్వేరు గ్రూపుల్లోకి చల్లుతుంది, ఫైళ్లను వాటి డైరెక్టరీ దగ్గరే పెట్టజూస్తుంది. మీరు డైరెక్టరీలు విడదీస్తే స్థలం కేటాయింపు కూడా దానంతట అదే విడిపోతుంది.

ఇంకో మాట. తాత్కాలిక ఫైలు రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మార్చే పద్ధతి మంచిది. కానీ ఆ తాత్కాలిక ఫైలును గమ్యం ఉన్న డైరెక్టరీలోనే పుట్టించండి. ఒక డైరెక్టరీ నుంచి ఇంకోదానికి రీనేమ్ చేస్తే లైనక్స్ ఆ ఫైల్‌సిస్టమ్ మొత్తానికి ఉన్న ఒక మ్యూటెక్స్‌ను పట్టుకుంటుంది. డైరెక్టరీల చెట్టులో ముడి పడకుండా చూడడం కోసం అది తప్పదు. ఒకే డైరెక్టరీ లోపల పేరు మార్చేవాళ్లకు ఆ పని లేదు.

8. లాగ్ ఫైలును అనుమానించండి.

ఒక బిల్లింగ్ సర్వర్ రద్దీ వేళల్లో చతికిలబడేది. డేటాబేసు వాళ్లు, నెట్‌వర్క్ వాళ్లు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ ఉండేవాళ్లు. చూస్తే ప్రతి థ్రెడ్డూ ప్రతి చిన్న అడుగునూ ఒకే లాగ్ ఫైలు చివర రాస్తోంది. ఫైలు చివర రాయాలంటే ఐనోడ్ లాక్‌ను ఒక్కరే పట్టుకోవాలి. లాగ్‌ను ఆపి చూస్తే గీత నిటారుగా లేచింది. థ్రెడ్డుకొక బఫర్ ఇచ్చి, ఫైలులో రాసే పనిని ఒక్క థ్రెడ్డుకు అప్పగించాం. చాలావరకు కుదుటపడింది. అయితే యంత్రం హఠాత్తుగా పడిపోతే బఫర్‌లో ఉన్న చివరి వరసలు పోతాయి. దేన్ని వదులుకుంటున్నామో వాడేవాళ్లకు ముందే చెప్పి ఒప్పించుకోవాలి. డబ్బుకు సంబంధించిన రికార్డును ఆ బఫర్‌లో పెట్టనివ్వలేదు.

ఎఫ్‌సింక్ సంగతి ఇంకా బరువైనది. ఈఎక్స్‌టీ4లో ఒక సమయానికి నడిచే జర్నల్ ట్రాన్సాక్షన్ ఒకటే. మీ చిన్న ఫైలుకు మీరు ఎఫ్‌సింక్ అడిగితే, అందులో ఉన్న ఇతరుల మార్పులు కూడా డిస్కుకు చేరాల్సిందే. ఆర్డర్డ్ మోడ్‌లో వాళ్ల డేటా కోసం కూడా మీరు ఆగవలసి రావచ్చు. మందు ఎఫ్‌సింక్ మానేయడం కాదు. పదిమంది పనిని కలిపి ఒక్క ఎఫ్‌సింక్‌తో ముగించే గ్రూప్ కమిట్ వాడండి. డేటాబేసులు ఇలాగే బతుకుతున్నాయి.

9. చదవడంలో దాగిన రాతలను వెతకండి. ఒకప్పుడు ఫైలు చదివిన ప్రతిసారీ "చివరిగా చదివిన వేళ" మారేది, అంటే ప్రతి చదువూ ఐనోడ్‌లో ఒక రాతే. 2009లో 2.6.30 నుంచి రెల్‌ఎటైమ్ మామూలు పద్ధతి కావడంతో చాలావరకు తగ్గింది. మీ కోడ్‌లో అందరూ పెంచే ఒకే కౌంటర్ ఉంటే కోర్‌కు ఒకటిగా విడదీసి, అడిగినప్పుడు కూడండి. వేర్వేరు కోర్లు మార్చే రెండు చరరాశులు ఒకే కాష్ లైన్‌లో పక్కపక్కన పడ్డా అదే నష్టం. లాక్ లేదు కాబట్టి లాక్ పనిముట్లలో అది కనబడదు. పర్ఫ్ సీ2సీ పట్టిస్తుంది.

10. మంచి లాక్ కూలిపోకుండా ఆపుతుంది, పని పెంచదు.

లైనక్స్‌లో 2008 నుంచి టికెట్ స్పిన్‌లాక్‌లు వచ్చాయి, ముందు వచ్చినవాడికి ముందు అనే న్యాయం దొరికింది. కానీ ఆగినవాళ్లంతా ఒకే కాష్ లైన్‌ను చూస్తూ ఉండేవాళ్లు. కోర్లు ఒక హద్దు దాటగానే పని ఒక్కసారిగా కుప్పకూలేది. 1991లోనే మెల్లర్-క్రమ్మీ, స్కాట్ అనే ఇద్దరు దీనికి దారి చూపించారు: ఒక్కొక్కరూ తమ సొంత చోటునే చూస్తూ నిలబడాలి. ఆ ఆలోచన మీద కట్టిన క్యూ స్పిన్‌లాక్‌ను వైమన్ లాంగ్ రాయగా 2015లో 4.2లో చేర్చారు. దానితో కూలిపోవడం ఆగింది. అయినా లాక్ లోపల ఒకసారికి ఒక్కరే కదా. పట్టుకుని ఉండే సమయం తగ్గించకుండా, పట్టుకునేవాళ్ల సంఖ్య తగ్గించకుండా, లాక్ రకం మార్చి సరిపెట్టుకుందామనే వాళ్లతో నేను ఎప్పుడూ ఏకీభవించలేదు.

11. నెమ్మదిగా ఉన్నది ఏదో ఇస్తోందేమో అడగండి.

ఒకే పెద్ద ఫైలును కొందరు చదువుతూ, కొందరు రాస్తూ ఉన్నప్పుడు ఎక్స్ఎఫ్ఎస్ కంటే ఈఎక్స్‌టీ4 వేగంగా కనబడవచ్చు. కారణం, కాష్ ద్వారా చదివేటప్పుడు ఎక్స్ఎఫ్ఎస్ ఐనోడ్ లాక్‌ను చదువరిగా పట్టుకుంటుంది, ఈఎక్స్‌టీ4 పట్టుకోదు. బదులుగా ఎక్స్ఎఫ్ఎస్ ఇచ్చే హామీ ఏమిటంటే, ఒకరు రాస్తున్నది సగం పాతది సగం కొత్తదిగా ఇంకొకరికి కనబడదు. అదే ఎక్స్ఎఫ్ఎస్ డైరెక్ట్ ఐఓలో ఒకే ఫైలు మీద చాలామందిని ఒకేసారి రాయనిస్తుంది. అక్కడ క్రమం చూసుకునే బాధ్యత అప్లికేషన్‌దే. పెద్ద డేటాబేసులు దాన్ని ఇష్టపడడానికి ఇదొక కారణం. ఏది మంచిదని అడిగేవాళ్లకు నా జవాబు: మీ ప్రోగ్రాముకు ఏ హామీ కావాలో చెప్పండి, తర్వాత వేగం మాట్లాడదాం. హామీని చెప్పాపెట్టకుండా తీసేసి తెచ్చిన వేగాన్ని నేను మెరుగుదలగా లెక్కపెట్టను.

12. ఎక్కడ ఆగాలో తెలియాలి.

ఒక లాక్ తీయగానే దాని వెనకున్న రెండోది బయటపడుతుంది. దాన్నీ తీస్తే మూడోది. గమ్యం ముందే రాసుకోండి: ఇన్ని కోర్ల మీద, ఇంత పని, ఇంత ఆలస్యం లోపల. అక్కడికి చేరితే ఆపండి. లాక్ లేని డేటా నిర్మాణాలను సొంతంగా రాయాలని యువకులకు ఉబలాటం ఉంటుంది. చదవండి, అర్థం చేసుకోండి, కానీ పరీక్షలకు నిలిచిన లైబ్రరీ ఉండగా ఉత్పత్తిలో మీదే పెట్టకండి. మార్పు చేశాక మొదటి పాఠంలోని థ్రెడ్ల పరీక్ష మళ్లీ చేసి, ముందు గీతనూ తర్వాతి గీతనూ పక్కపక్కన పెట్టి చూపించండి. గీతలు లేని ప్యాచ్‌ను నేను సమీక్షకు తీసుకునేవాణ్ని కాదు, మీరూ తీసుకోకండి.

ఇప్పటికీ లైనక్స్‌లో ఫైలుకు ఐనోడ్ లాక్ ఒకటే. కాష్ ద్వారా ఒకే ఫైలులో రాసేవాళ్లు, వేర్వేరు చోట్ల రాసినా, ఈఎక్స్‌టీ4లో అయినా ఎక్స్ఎఫ్ఎస్‌లో అయినా దాని కింద ఒకరి తర్వాత ఒకరే రాస్తారు. మీ డిజైన్ కాగితం మీద ఉన్నప్పుడే ఫైళ్లను విడదీసుకోండి.